ఉద్యోగపు జట్టు, కంపెనీ జట్టు: 2016 ఏఎఫ్‌సీ కప్ కథ

2016 నవంబరు 5వ తేదీ శనివారం రాత్రి ఖతార్ రాజధాని దోహాలో ఒక ఫుట్‌బాల్ పోటీ జరిగింది. ఒక పక్క బెంగళూరు ఫుట్‌బాల్ క్లబ్, రెండో పక్క ఇరాక్ వైమానిక దళం క్లబ్. ఆసియా ఖండపు క్లబ్బుల కోసం జరిగే రెండవ శ్రేణి పోటీ అయిన ఏఎఫ్‌సీ కప్‌కు అది ఫైనల్. అంతకు ముందు మన దేశపు క్లబ్ ఏదీ ఆ ఫైనల్ దాకా పోలేదు. 2008లో గోవా వారి డెంపో, 2013లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ సెమీఫైనల్లో ఆగిపోయాయి. మొదటిసారి ఆ గడప తొక్కిన జట్టుకు స్వంత మైదానం బెంగళూరు కంఠీరవ స్టేడియం. హోసూరు బస్టాండు నుంచి అది దాదాపు 40 కిలోమీటర్లు. కృష్ణగిరి వాళ్లకు అయితే ఇంకో 50.

ఆ రాత్రి బెంగళూరు 1-0 తేడాతో ఓడిపోయింది. ఓడిన పోటీకి ఇప్పుడు చరిత్ర వ్రాయడం దేనికని పాఠకులు అడగవచ్చు. ఓటమి కంటే గెలిచినవారి పేరే నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది. వైమానిక దళం జట్టు అంటే ఒక ప్రభుత్వ శాఖ పెట్టుకున్న జట్టు. అటువంటి జట్లకు ఇక కాలం చెల్లిందని చెప్పి, వాటిని పక్కకు నెట్టి, ఆ స్థానంలో కంపెనీ జట్టును నిలబెట్టిన దేశం మనది. ఆ కంపెనీ జట్టు ఆసియా దాకా వెళ్లి, చివరకు ఒక శాఖ జట్టు చేతిలోనే ఓడింది. వాణిజ్యశాస్త్రం చదివి బ్యాంకులో లెక్కలు చూసుకునే నాబోటి వాడికి ఇందులో జమ ఎంత, ఖర్చు ఎంత అని చూడాలనిపించడం సహజం.

ఆట పేరు గురించి ఒక మాట. తమిళంలో దీన్ని కాల్పందు అంటారు, కన్నడంలో కాల్చెండు. మనం మాత్రం ఫుట్‌బాల్ అనే అంటున్నాం. కాలిబంతి అని కొందరు వ్రాసినా అది నాలుక మీదికి రాలేదు. అంత మాత్రాన ఈ ఆటలో తెలుగునాటికి భాగం లేదనుకుంటే పొరపాటు. ఒకానొక కాలంలో ఇండియా ఫుట్‌బాల్ అంటే సగం హైదరాబాదే.

ఆ కాలం గురించి చెప్పాలంటే సయ్యద్ అబ్దుల్ రహీం గారితో మొదలుపెట్టాలి. ఆయన బడిపంతులు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు. ఆ ఏడాది మొదలుకొని 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయి రోవర్స్ కప్‌ను ఆ పోలీసు జట్టే తెచ్చుకుంది. ఢిల్లీ డ్యూరాండ్ కప్‌ను 1950లోను, 1954లోను గెలిచింది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ వంటి కలకత్తా దిగ్గజాలకు వేలాది అభిమానులు, చందాదారులు ఉండేవారు. హైదరాబాదు జట్టుకు ఉన్నది పోలీసు శాఖ హాజరుపట్టీ ఒక్కటే. ఆటగాడు పోలీసు ఉద్యోగి. జీతం శాఖ ఇస్తుంది. పొద్దున్నే మైదానానికి వెళ్లడం కూడా డ్యూటీ కిందే జమ. రహీం గారు ఇండియా జట్టుకు కూడా శిక్షకులై 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానానికి తీసుకువెళ్లారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. మరుసటి ఏడు 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆయన మీద 2024లో మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది కాబట్టి కుర్రవాళ్లకు కూడా ఇప్పుడు ఆ పేరు తెలుసు.

మెల్‌బోర్న్ వెళ్లిన జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటి పోలీసు జట్టు ఆటగాళ్లున్నారు. తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు. ఈయన ప్రస్తావన మన పత్రికలో రావలసినదే. సికిందరాబాదులో అమ్ముగూడ అనే చోట తమిళ కుటుంబంలో పుట్టాడు. మనం తమిళనాట తెలుగువాళ్లం, ఆయన తెలుగునాట తమిళుల బిడ్డ. హైదరాబాదు తరఫున ఆడి, తరువాత కలకత్తా ఈస్ట్ బెంగాల్‌లో పేరు తెచ్చుకుని, 1963లో బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టులో చేరాడు. రైల్వే ఉద్యోగమే ఆయనకు అన్నం పెట్టింది. 2023 ఫిబ్రవరిలో పోయేవరకు బెంగాల్లోనే ఉండిపోయాడు.

ఇంత గొప్ప పోలీసు జట్టు ఆసియా క్లబ్బుల పోటీలో ఏం చేసిందని అడిగితే జవాబు ఒక్కటే. అటువంటి పోటీయే అప్పటికి లేదు. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య పుట్టిందే 1954లో. హైదరాబాదు పోలీసులు అయిదవసారి రోవర్స్ కప్ ఎత్తిన ఏడు అది. ఐరోపాలో సైతం క్లబ్బుల కప్పు 1955లో గాని మొదలు కాలేదు. ఆసియాలో క్లబ్ చాంపియన్ల పోటీ మొట్టమొదట 1967లో బ్యాంకాక్‌లో జరిగింది. అప్పటికి రహీం గారు పోయి నాలుగేళ్లు. హైదరాబాదు పోలీసు కాస్తా ఆంధ్రప్రదేశ్ పోలీసు అయింది, పాత పదును తగ్గింది. సంతకు సరుకు తెచ్చిన రోజున సంత లేదు. సంత పెట్టిన రోజున సరుకు లేదు. బ్యాంకులో ఇటువంటి ఖాతాలు చాలా చూస్తుంటాం.

మన పక్కనున్న బెంగళూరుకు మాత్రం ఆ మొదటి రోజుల్లోనే ఒక అవకాశం దొరికింది. ఇది చాలామందికి తెలియదు. అప్పట్లో మన దేశంలో జాతీయ లీగ్ లేదు, 1996 దాకా రాలేదు. దేశపు చాంపియన్ క్లబ్ ఎవరని ఆసియా సమాఖ్య అడిగితే చెప్పడానికి పేరు లేదు. అందుకని రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీలో గెలిచిన రాష్ట్రపు జట్టునే క్లబ్ లెక్కన పంపేవారు. ఆ సమయంలో సంతోష్ ట్రోఫీ మైసూరు రాష్ట్రం చేతిలో ఉంది. ఆ విధంగా 1969 జనవరిలో మైసూరు రాష్ట్ర జట్టు బ్యాంకాక్ వెళ్లి నాలుగవ స్థానంలో నిలిచింది. ఇజ్రాయెల్ దేశపు మక్కాబీ టెల్ అవీవ్ కప్పు గెలిచింది. 1970లో టెహ్రాన్ వెళ్లిన బెంగాల్ జట్టుకూ నాలుగవ స్థానమే దక్కింది.

1971 పోటీ మళ్లీ బ్యాంకాక్‌లో. ఆ ఫైనల్‌కు వచ్చిన జట్లలో ఒకటి ఇరాక్ పోలీసు జట్టు. ఎదుటి జట్టు మక్కాబీ. ఇజ్రాయెల్ జట్టుతో ఆడబోమని ఇరాక్ పోలీసులు మైదానంలో ఆటకు నిరాకరించారు, కప్పు మక్కాబీకి పోయింది. ఆ గొడవలతోనే ఆ పోటీ ఆగిపోయి 1980ల నడుమ గాని తిరిగి మొదలు కాలేదు. ఆ రాజకీయం నా విషయం కాదు. నేను చూసేదల్లా ఒకటే. ఒక పోలీసు జట్టు ఆసియా క్లబ్ ఫైనల్ దాకా రాగలదని అప్పుడే రుజువైంది. ఆ జట్టు హైదరాబాదుది కాకుండా బాగ్దాదుది అయింది.

ఇక మన దేశంలో ఏం జరిగిందో చూద్దాం. చాలా ఏళ్లపాటు కలకత్తా, గోవాలకు బయట ఫుట్‌బాల్‌ను పోషించింది ప్రభుత్వరంగమే. రైల్వే, పోలీసు, సైన్యం, బ్యాంకులు, కర్మాగారాలు. బెంగళూరులో అంతకు ముందు బెంగళూరు ముస్లిమ్స్ వంటి ఊరి జట్లు ఉండేవి. వాళ్లు 1937లోను, 1938లోను బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ తెచ్చిన వాళ్లు. తరువాతి కాలంలో ఆ నగరపు ఫుట్‌బాల్ హెచ్.ఏ.ఎల్., ఐ.టి.ఐ. వంటి కర్మాగారాల చేతికి వచ్చింది. జాతీయ లీగ్‌లో బెంగళూరు నుంచి ఐ.టి.ఐ., చెన్నై నుంచి ఇండియన్ బ్యాంకు ఆడాయి. హెచ్.ఏ.ఎల్. 2012 వరకు ఐ-లీగ్‌లో ఉండి కింది శ్రేణికి జారింది.

నేను బ్యాంకులో చేరిన కొత్తలో మా శాఖలో నా పక్క కౌంటరులో ఒక ఫుట్‌బాల్ ఆటగాడు ఉండేవాడు. క్రీడల కోటాలో వచ్చిన గుమాస్తా. మధ్యాహ్నం మూడు కాగానే సంచి తీసుకుని అభ్యాసానికి పోయేవాడు. అతని లెడ్జరు నేను బ్యాలెన్సు చేసిన రోజులు లెక్కలేదు. అప్పుడు విసుక్కున్న మాట నిజమే. మోకాలు దెబ్బతిని ఆట మానేశాక అతను పూర్తి కాలపు ఉద్యోగి అయ్యాడు, ఆఫీసరయ్యాడు, పింఛనుతో రిటైరయ్యాడు. ఆ పద్ధతిలో ఆటగాడికి దొరికింది అదే: ఆట 30 ఏళ్లకు ముగిసినా అన్నం ముగియదు. మరి ఆటకు ఏం దొరికిందంటే చెప్పడం కొంచెం కష్టం. మూడింటికి సంచి తీసుకుని పోయేవాడు ఆసియా స్థాయి ఆటగాడు కావడం అరుదు. బెంగాల్, గోవా క్లబ్బులు డబ్బు పెట్టి విదేశీ ఆటగాళ్లను తేవడం మొదలుపెట్టాక శాఖల జట్లు నిలవలేకపోయాయి.

2013లో రెండు సంఘటనలు ఒకే ఏడాది జరిగాయి. ఆసియా సమాఖ్య అప్పటికి క్లబ్ లైసెన్సు నిబంధనలు తెచ్చి ఉంది. క్లబ్ అంటే చట్టం దృష్టిలో ఒక సంస్థగా ఉండాలి, కుర్రవాళ్ల జట్లు ఉండాలి, మైదానం ఉండాలి, అర్హత గల శిక్షకులుండాలి, ఆడిటైన లెక్కలు చూపాలి. అవి తీర్చలేదని ఎయిర్ ఇండియా జట్టును, ఓ.ఎన్.జి.సి. జట్టును ఐ-లీగ్ నుంచి తీసివేశారు. అదే ఏడాది జె.ఎస్.డబ్ల్యు. ఉక్కు సంస్థల వారికి లీగ్‌లోకి నేరుగా ప్రవేశం ఇచ్చారు. ఆ సంస్థ జూలైలో బెంగళూరు ఫుట్‌బాల్ క్లబ్‌ను స్థాపించింది. ప్రభుత్వ కంపెనీలు రెండు బయటికి, ప్రైవేటు కంపెనీ ఒకటి లోపలికి. నిబంధనలలో తప్పు పట్టడానికి నాకేమీ కనపడదు. లెక్కలు ఆడిట్ చేయించమంటే బ్యాంకువాడు కాదంటాడా? కాని నిబంధన వచ్చినప్పుడు దానికి తగ్గట్టు మారే ప్రయత్నం చేయడం ఒక పద్ధతి, తలుపు మూసి ఇంటికి పోవడం మరో పద్ధతి. మన శాఖల జట్లలో చాలావరకు రెండవ దారి పట్టాయి.

కొత్త క్లబ్ మొదటి ఏడాదే, అంటే 2013-14లోనే, ఐ-లీగ్ గెలిచింది. 2015 మే 31న కంఠీరవలో మోహన్ బగాన్‌తో ఆడిన చివరి పోటీ గెలిచి ఉంటే మళ్లీ గెలిచేది, 1-1తో చేజారింది. అదే ఏడాది జనవరిలో నెగ్గిన ఫెడరేషన్ కప్ మూలంగా 2016 ఏఎఫ్‌సీ కప్‌కు అర్హత వచ్చింది.

ఆ పోటీలో బెంగళూరు పడిన గ్రూపులో మలేషియా వారి జొహోర్ దారుల్ తాజిమ్, లావోస్ వారి లావో టొయోటా, మయన్మార్ వారి అయెయావడి యునైటెడ్ ఉన్నాయి. జొహోర్ అంటే 2015 చాంపియన్. గ్రూపులో వాళ్లది మొదటి స్థానం, బెంగళూరుది రెండవది. మే నెలలో హాంకాంగ్ వెళ్లి కిచీ అనే జట్టును 3-2తో ఓడించి క్వార్టర్ ఫైనల్ చేరారు. అది అయ్యాక మూడేళ్లుగా ఉన్న ఇంగ్లండు కోచ్ ఆష్లీ వెస్ట్‌వుడ్ వెళ్లిపోయాడు. స్పెయిన్ నుంచి ఆల్బర్ట్ రోకా వచ్చాడు. ఫ్రాంక్ రైకార్డ్ కోచ్‌గా ఉన్న కాలంలో బార్సిలోనా శిక్షక బృందంలో పనిచేసిన మనిషి.

క్వార్టర్ ఫైనల్ సెప్టెంబరులో. ఆ నెల మన సరిహద్దు ఎలా ఉందో హోసూరు వాళ్లకు చెప్పనక్కరలేదు. కావేరి నీళ్ల మీద సుప్రీం కోర్టు ఉత్తర్వులు వచ్చాయి. సెప్టెంబరు 12న బెంగళూరు భగ్గుమంది. తమిళనాడు నంబరు బస్సులు పదుల సంఖ్యలో కాలిపోయాయి. పలు ఠాణాల పరిధిలో కర్ఫ్యూ పెట్టారు. ఆ తరువాత కొన్ని వారాల పాటు ఇటు బస్సు ఇటే, అటు బస్సు అటే. జూజువాడి దగ్గర దిగి, సంచులు నెత్తిన పెట్టుకుని, పిల్లలను చంకనేసుకుని అత్తిబెలె దాకా నడిచిన వాళ్లను మనం చూశాం. మనలోనూ నడిచిన వాళ్లున్నారు. ఇటువంటి సమయాల్లో మన తెలుగువాళ్ల స్థితి విచిత్రం. అక్కడ బండి నంబరు చూసి తమిళుడంటారు, ఇక్కడ మాట విని ఇంకేదో అంటారు.

ఆ మంట పూర్తిగా చల్లారకముందే, సెప్టెంబరు 14న, కంఠీరవలో సింగపూరు జట్టు టాంపినెస్ రోవర్స్‌తో క్వార్టర్ ఫైనల్ మొదటి పోటీ జరిగింది. నేను ఇంట్లో కూర్చుని టీవీలో చూశాను. ఏడవ నిమిషంలో సి.కె. వినీత్ గోల్ కొట్టాడు. అదొక్కటే గోల్. వారం తరువాత సింగపూరులో 0-0. ఆ ఒక్క గోలే బెంగళూరును సెమీఫైనల్‌కు చేర్చింది. ఈ వినీత్ పేరు పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ వస్తాడు.

సెమీఫైనల్లో మళ్లీ జొహోర్. సెప్టెంబరు 28న మలేషియాలో 1-1. రెండవ పోటీ అక్టోబరు 19, బుధవారం, కంఠీరవలో. దీనికి నేను వెళ్లాను. అత్తిబెలె అవతల పనిచేసే స్నేహితుడి కర్ణాటక నంబరు కారులో వెళ్లాం, కాబట్టి మాకు భయం లేకపోయింది. కంఠీరవ పరుగుపందేల కోసం కట్టిన స్టేడియం. గ్యాలరీకి, గడ్డికి మధ్య పరుగుదారి ఉంటుంది, ఆటగాళ్లు దూరంగా కనపడతారు. అయినా పశ్చిమం వైపు గ్యాలరీలో వెస్ట్ బ్లాక్ బ్లూస్ అని పిలుచుకునే కుర్రవాళ్లు ఆట మొదలు కాకముందు నుంచీ నిలబడే ఉన్నారు, చివరిదాకా కూర్చోలేదు. కన్నడం, తమిళం, మలయాళం, హిందీ, మా వరుసలో కాస్త తెలుగు. నెల క్రితం ఇదే నగరంలో నంబరు ప్లేటు చూసి రాళ్లు వేశారంటే ఆ గంటన్నర నమ్మబుద్ధి కాలేదు.

లెక్క ప్రకారం 0-0 అయినా బెంగళూరే ఫైనల్‌కు పోతుంది, ఎందుకంటే అవతలి మైదానంలో గోల్ కొట్టి వచ్చారు. ఆ లెక్కను జొహోర్ పావుగంటలోపే చెరిపేసింది. ముందు వాళ్లే గోల్ కొట్టారు. మా పక్కన కూర్చున్న పెద్దాయన ‘ముగిసింది’ అని కన్నడంలో అని చెప్పులు వెతుక్కున్నాడు. మొదటి సగం అయిపోవచ్చే వేళకు సునీల్ ఛెత్రీ తలతో కొట్టి సమం చేశాడు. రెండవ సగంలో, 67వ నిమిషం ప్రాంతంలో, అదే ఛెత్రీ చాలా దూరం నుంచి కొట్టిన బంతి వంకర తిరిగి వలలో పడింది. చుట్టూ ఉన్నవాళ్లంతా లేచి నిలబడడంతో అది వలలో పడడం నేను చూడలేదు, అరుపుతో తెలిసింది. ఇంటికి వచ్చాక టీవీలో చూశాను. కొన్ని నిమిషాలకు స్పెయిన్ ఆటగాడు జువానన్ మూడవ గోల్ కొట్టాడు. 3-1. రెండు పోటీలూ కలిపి 4-2. నిరుటి చాంపియన్ ఇంటికి, బెంగళూరు ఫైనల్‌కు. చెప్పులు వెతుక్కున్న పెద్దాయన చివరిదాకా ఉన్నాడు.

ఛెత్రీ గురించి మనవాళ్లకు తెలియవలసిన విషయం ఒకటుంది. ఆయన పుట్టింది సికిందరాబాదులో, 1984 ఆగస్టు 3న. తండ్రి సైన్యంలో ఉద్యోగి, సైనిక జట్టుకు ఫుట్‌బాల్ ఆడినవాడు. అంటే కంపెనీ జట్టు కెప్టెన్ కూడా ఒక శాఖ జట్టు ఆటగాడి కొడుకే. బలరాం పుట్టిన ఊరే ఈయనదీ.

ఆ ఏటి ఫైనల్ పశ్చిమ ఆసియా జట్టు స్వంత మైదానంలో జరగాలి. కాని భద్రత దృష్ట్యా ఇరాక్‌లో అటువంటి పోటీలకు ఫిఫా అనుమతి లేదు. అందుకని వైమానిక దళం వాళ్లు దోహాలో ఆడారు. స్వంత దేశంలో స్వంత ప్రేక్షకుల ముందు ఆడే భాగ్యం లేని జట్టు అది. వైమానిక దళం క్లబ్ 1931లో పుట్టింది. ఎన్ని యుద్ధాలు, ఎన్ని ప్రభుత్వాలు చూసిందో లెక్క వేసుకోండి. ఆటగాళ్లందరూ విమానాలు నడిపేవారని అనుకోనక్కరలేదు, వాళ్లూ జీతానికి ఆడేవాళ్లే. కాని పేరు, యాజమాన్యం వైమానిక దళానివి. ఆసియా కప్పు గెలవడానికి అవి అడ్డం రాలేదు.

ఫైనల్‌కు బెంగళూరు గోల్‌కీపర్ అమరీందర్ సింగ్ లేడు. పసుపు కార్డుల మూలంగా నిషేధం పడింది. లాల్తువామ్మవియా రాల్టే నిలబడ్డాడు. 70 నిమిషాల దాకా గోల్ లేదు. అప్పుడు హమ్మాది అహ్మద్ కొట్టాడు. ఆ పోటీలో మొత్తం 16 గోళ్లు కొట్టిన వాడు, అతన్ని 70 నిమిషాలు ఆపడమే గొప్ప. బెంగళూరు తిరిగి కొట్టలేకపోయింది.

ఇరాక్ జట్టు ఆ కప్పును అంతటితో వదలలేదు. 2017లోను, 2018లోను కూడా గెలిచి వరుసగా మూడు సార్లు తీసుకుపోయింది. 2017లో బెంగళూరు మళ్లీ చాలా దూరం వెళ్లి తజికిస్తాన్ జట్టు ఇస్తిక్లోల్ చేతిలో ఆగింది.

ఇప్పుడు వినీత్ సంగతి. ఆయనకు క్రీడల కోటాలో తిరువనంతపురం అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో ఆడిటర్ ఉద్యోగం ఉండేది. 2017 మే 21న కటక్‌లో జరిగిన ఫెడరేషన్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్ మీద బెంగళూరు కొట్టిన రెండు గోళ్లూ ఆయనవే. సరిగా ఆ నెలలోనే, హాజరు చాలలేదని ఉద్యోగంలో నుంచి తీసేశారు. ఆట కోసమే ఇచ్చిన ఉద్యోగం, ఆటలో ఉండి ఆఫీసుకు రాలేదని పోయింది. తరువాత కేరళ ప్రభుత్వం వేరే ఉద్యోగం ఇచ్చింది. హాజరుపట్టీ రాసిన గుమాస్తాను నేను తప్పుపట్టను. రూలు అటువంటిది. రోజూ మూడు గంటలకు సంచి తీసుకుని పోయే ఆటగాడి కోసం వ్రాసిన రూలు అది, ఏడాది పొడుగునా ఆసియా దేశాలు తిరిగే ఆటగాడి కోసం ఎవరూ తిరగ వ్రాయలేదు. పోలీసు జట్టు కాలంలో మైదానంలో ఉండడమే హాజరు. ఆ తేడా దగ్గరే మన శాఖల జట్లు పోయాయని నా అభిప్రాయం. డబ్బు లేక కొంత, మనసు లేక కొంత.

అలాగని కంపెనీ జట్టుకు హారతి పట్టనూ లేను. హైదరాబాదు సంగతే చూడండి. 2019లో పుణె నుంచి ఒక క్లబ్‌ను తెచ్చి హైదరాబాద్ ఎఫ్.సి. అని పేరు పెట్టారు. 2022 మార్చిలో అది ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది. రహీం గారి ఊరికి మళ్లీ మంచి రోజులు వచ్చాయని మురిసినవారిలో నేనూ ఉన్నాను. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారింది. ఖాతాను ఒక శాఖ నుంచి మరో శాఖకు బదిలీ చేసినట్టు. పోలీసు జట్టు ఓడిపోవచ్చు, చిక్కిపోవచ్చు, ఊరు మాత్రం మారదు. హైదరాబాదు పోలీసు హైదరాబాదులోనే ఉంటుంది.

ఈ మాట బెంగళూరు క్లబ్‌కు వర్తించదని చెప్పాలి. అది 2017లో సూపర్ లీగ్‌లోకి మారినా కంఠీరవను వదల్లేదు. జొహోర్ పోటీ చూసిన రోజున నా పక్కన అరిచిన కుర్రవాళ్లలో ఇద్దరు హోసూరు సిప్కాట్‌లో పనిచేసేవాళ్లని తిరుగు దారిలో తెలిసింది. వాళ్లకు కారులో చోటిచ్చాం. కర్మాగారంలో షిఫ్టు మార్చుకుని వచ్చారట. మా కర్మాగారానికి జట్టు ఉందా అని అడిగితే, క్రికెట్‌కు ఉంది సార్ అన్నారు.

ఏఎఫ్‌సీ కప్ అనే పోటీ 2024తో ముగిసింది. ఆసియా సమాఖ్య దాని స్థానంలో వేరే పేరుతో పోటీ పెట్టింది. మొదటి కప్పు 2004లో. ఆ 20 ఏళ్ల జాబితాలో ఫైనల్ ఆడిన జట్ల పేర్లు వెతికితే మన దేశం పక్కన ఒకే పేరు కనపడుతుంది: బెంగళూరు, 2016. దాని ఎదుటి గడిలో వైమానిక దళం.